ఉక్కు గొట్టాలను తినివేసే బొగ్గుపులుసు వాయువు

మలేషియా సహజవాయు సంపదలో పెద్ద భాగం సారవాక్ తీరానికి దూరంగా, దక్షిణ చైనా సముద్రగర్భంలో ఉన్నది. దానిని బింటులులోని ద్రవీకరణ కర్మాగారాలకు చేర్చేవి సముద్రపు అడుగున పరచిన ఉక్కు గొట్టాలు. ఉప్పునీటి వలన వెలుపల కలిగే తుప్పును పైపూత, అల్యూమినియం మిశ్రమలోహపు దిమ్మెలు చాలవరకు అరికడతాయి. లోపలి శత్రువు వేరు. అది సహజవాయువుతో పాటే భూగర్భం నుండి వచ్చే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డైఆక్సైడ్. సారవాక్‌లోని కే5 క్షేత్రంలో దీని పాలు సుమారు 70 శాతం.

నీరు తోడైనప్పుడే ముప్పు

పొడిగా ఉన్న బొగ్గుపులుసు వాయువు ఉక్కుకు హాని చేయదు. నీటిలో కరిగినప్పుడు అది కార్బోనిక్ ఆమ్లమవుతుంది. గోలీసోడాకు చురుకుదనాన్ని ఇచ్చేది ఈ ఆమ్లమే. ఇది బలహీనమైనది. అయినప్పటికీ, అదే పీ.హెచ్. గల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కంటె ఉక్కును వేగంగా తింటుంది. బలమైన ఆమ్లంలో హైడ్రోజన్ అయానులన్నీ ముందే విడివడి ఉంటాయి. ఖర్చయిన వాటిని భర్తీ చేసే నిల్వ దానికి లేదు. కార్బోనిక్ ఆమ్లంలోనైతే విడివడని అణువులు నిల్వగా ఉండి, కొత్త అయానులను అందిస్తూనే ఉంటాయి. ఇనుము ఎలక్ట్రానులను కోల్పోయి నీటిలో కలుస్తుంది. వాటిని గ్రహించి హైడ్రోజన్ అయానులు వాయువుగా మారతాయి.

పీడనం, ఉష్ణోగ్రత

ఈ క్షయానికి కొలబద్ద వాయువు శాతం కాదు, దాని పాక్షిక పీడనం. 100 బార్ల పీడనం గల గొట్టంలో 2 శాతమే ఉన్నా పాక్షిక పీడనం 2 బార్లు. అర బారు లోపు భయం తక్కువ, 2 బార్లు దాటితే క్షయం తప్పదు అన్నది ఇంజనీర్లు చిరకాలంగా పాటించే స్థూల సూత్రం. 1975లో డి వార్డ్, మిలియమ్స్ అనే శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రత, పాక్షిక పీడనాల నుండి క్షయవేగాన్ని లెక్కగట్టే పద్ధతిని ప్రకటించారు.

వేడితో పాటు క్షయం కూడ పెరుగుతుంది, కాని కొంతవరకే. సుమారు 60-80 డిగ్రీల సెల్సియస్ దాటితే ఐరన్ కార్బొనేట్ ఉక్కుపై దట్టమైన పొరగా ఏర్పడి, దానికి కవచమవుతుంది. ఆ పొర ఒకచోట చిట్లితే క్షయమంతా అక్కడనే కేంద్రీకరించి గుంట పడుతుంది. కనుక సగటు క్షయం స్వల్పమైనా గొట్టం చిల్లుపడవచ్చు.

రక్షణోపాయాలు

13 శాతం క్రోమియం గల ఉక్కు ఈ ఆమ్లాన్ని బాగుగా తట్టుకుంటుంది. వ్యయం అధికం గనుక దానిని ముఖ్యంగా బావులలో వాడతారు. వందల కిలోమీటర్ల గొట్టాలకు ఎక్స్-65 వంటి కార్బన్ ఉక్కే గతి. అందలి 65 అనే సంఖ్య బలాన్ని సూచించునే గాని తుప్పును తట్టుకొనే శక్తిని కాదు. అందువలన వాయువులోని తేమను గ్లైకాల్‌తో తీసివేస్తారు. ఇమిడజోలిన్ జాతి నిరోధకాలను చేర్చి ఉక్కుపై పలుచని పొర కట్టిస్తారు. నిలిచిన నీటిని 'పిగ్' అనే సాధనాన్ని గొట్టంలో నడిపి నెట్టివేస్తారు.

ఈ జాగ్రత్తలు లోపిస్తే ఏమగునో తెలుగునాడు చూచింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో సహజవాయు గొట్టం నుండి లీకయిన వాయువు అంటుకొని 20 మందికి పైగా మరణించారు. పొడి వాయువుకై ఉద్దేశించిన గొట్టంలో తేమగల వాయువును పంపడం వలన లోపల క్షయం కలిగిందని విచారణలో తేలింది.

ముందున్న పరీక్ష

ఇప్పుడు బొగ్గుపులుసు వాయువునే గొట్టాలలో నడపవలసిన కాలం వచ్చింది. సారవాక్ తీరాన కసావరి క్షేత్రంలో వేరుచేసిన వాయువును 138 కిలోమీటర్ల గొట్టం ద్వారా వట్టిపోయిన ఎం1 క్షేత్రానికి పంపి భూగర్భంలో నిలువచేసే పథకానికి పెట్రోనాస్ సంస్థ 2022 నవంబరులో తుది ఆమోదం తెలిపింది. ఏటా 33 లక్షల టన్నులు దీని లక్ష్యం. ఇటువంటి గొట్టాలలో బొగ్గుపులుసు వాయువును సాధారణంగా 73.8 బార్ల సందిగ్ధ పీడనానికి పైన, ద్రవమంత సాంద్రతతో నడుపుతారు. పొడిగా ఉన్నంతకాలం దానికి మామూలు ఉక్కే చాలును. నీరు వేరుపడితే మాత్రం సహజవాయు గొట్టాలలో కంటె ఎన్నో రెట్లు అధికమైన పాక్షిక పీడనం ఉక్కుపై పనిచేస్తుంది. వాతావరణాన్ని కాపాడే ఈ ప్రయత్నం ఫలించాలంటే గొట్టంలోకి పోయే తేమపై అనుక్షణం నిఘా తప్పనిసరి.