నియ్యత్ మంచిదే, మరి ఫలితం?

మన వల్ల ఎవరికైనా నష్టం జరిగితే మన నోట మొదట వచ్చే మాట "నా ఉద్దేశం అది కాదు" అని. మనం అంతటితో ఆగక హదీసును కూడా సాక్ష్యానికి పిలుస్తాం. ప్రతి పని విలువా దాని వెనుక ఉన్న సంకల్పాన్ని బట్టే నిర్ణయమవుతుందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు కదా, నా నియ్యత్ శుభ్రంగానే ఉంది కదా, ఇక నాపై ఏం బాధ్యత అంటాం. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు సహీహ్ బుఖారీలో మొట్టమొదటిది. దాని ఘనతలో సందేహం లేదు. సందేహమల్లా మనం దాన్ని వాడుకుంటున్న తీరులోనే ఉంది.

కొన్నాళ్ళ క్రితం జుమా నమాజు తర్వాత ఒక రైతు సోదరుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. తన చెలకలో మూడు బోర్లు వేయించారట. ఒక్కదానిలోనే నీళ్ళు పడ్డాయి. నీళ్ళు పడని ఒక బోరులోంచి కేసింగ్ పైపు ఊడదీయించి, పడిన బోరుకు వాడుకున్నారు. పైపు తీసిన చోట బొరియ అలాగే మిగిలిపోయింది. దానిపై ఒక బస్తా కప్పి, రాయి పెట్టి వచ్చేశారు. పక్క చేను రైతు మేకపిల్ల అందులో పడి చనిపోయింది. "ఆయన డబ్బు అడగలేదు మౌలానా! పోనీలే భాయ్, మా పిల్లాడు పడలేదు, అంతే చాలు అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నేను నీళ్ళ కోసమే కదా తవ్వించాను! నా నియ్యత్‌లో ఏ పాపమూ లేదు కదా!" అని అడిగారు.

ఇది మేకపిల్లతో ఆగే విషయం కాదని ఆయనకూ తెలుసు. 2017 జూన్‌లో చేవెళ్ళ దగ్గర ఒక పసిపాప, 2020 మే నెలలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో మూడేళ్ళ బాబు ఇలాంటి బోరుబావుల్లోనే పడి ప్రాణాలు కోల్పోయారు. ఆ బోర్లు వేయించినవారిలో ఎవరూ బిడ్డ ప్రాణం తీయాలనుకోలేదు. అందరూ నీళ్ళ కోసమే తవ్వించారు.

ఆయన ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక తేడా గ్రహించాలి. మనం చేసే పనికి కలిగే ఫలితాలు మూడు రకాలు. కావాలని కోరి తెచ్చుకున్నది ఒకటి. మనం కోరనిది, మనకు తెలియనిది మరొకటి. ఈ రెంటి విషయంలో ఎవరికీ పెద్ద గందరగోళం లేదు. పొరపాటున జరిగినదానికి పాపం లేదని, హృదయం పూనుకొని చేసినదానికే పట్టు ఉందని సూరా అహ్‌జాబ్ 5వ ఆయత్ తెలుపుతోంది. అయితే పాపం లేనంత మాత్రాన బాధ్యత లేదని కాదు. పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం తీసినవాడు సైతం ప్రాయశ్చిత్తం చేసుకోవాలని, మృతుని ఇంటివారు మాఫ్ చేస్తే తప్ప రక్తపరిహారం చెల్లించాలని సూరా నిసా 92వ ఆయత్‌లో ఉంది.

చిక్కంతా మూడో రకంతోనే. ఆ ఫలితాన్ని మనం కోరలేదు. కానీ అది జరుగుతుందని, జరగవచ్చని మనకు తెలుసు. తెలిసీ ముందుకు వెళ్ళాం.

దీనిపై దైవప్రవక్త (స) శిక్షణ ఎలా ఉందో చూడండి. ఒకసారి ఆయన (స), తల్లిదండ్రులను దూషించడం మహాపాపాల్లో ఒకటని చెప్పారు. సహచరులు ఆశ్చర్యపోయారు. కన్నవారిని ఎవరైనా తిడతారా అని అడిగారు. ఒకడు ఇంకొకడి తండ్రిని తిడతాడు, వాడు తిరిగి ఇతని తండ్రిని తిడతాడు, అది ఇతను తిట్టినట్టే అని ఆయన (స) వివరించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆ మనిషి తన తండ్రిని తిట్టించుకోవాలనుకున్నాడా? లేదు. ఎదుటివాడు ఊరుకోడని మాత్రం అతనికి తెలుసు. ఆ తెలిసినదే అతని లెక్కలో రాయబడింది. ఇతరులు పూజించే వాటిని దూషించవద్దని, అలా చేస్తే వారు అజ్ఞానంతో అల్లాహ్‌ను దూషిస్తారని సూరా అన్ఆమ్ 108వ ఆయత్ హెచ్చరించడంలోనూ ఇదే సూత్రం ఉంది. వీధుల్లో, ఇప్పుడు ఫోన్లలో, ధర్మాన్ని సమర్థిస్తున్నామనుకుంటూ నోరు పారేసుకునే మన యువకులు ఈ ఆయత్‌ను ఎన్నిసార్లు చదివితే అంత మంచిది.

ఇక పడవల సంగతి. హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉంది. ఒక ఓడలో కొందరు పై అంతస్తులో, కొందరు కింద ఉన్నారు. కిందివారు నీళ్ళ కోసం మాటిమాటికీ పైకి వెళ్ళాల్సి వస్తోంది. పైవారికి ఇబ్బంది కలిగించడం ఎందుకు, మన భాగంలోనే ఒక కన్నం పెట్టుకుందాం అనుకున్నారు. వాళ్ళ నియ్యత్ గమనించండి. దాహం తీర్చుకోవాలి, పైవారికి బాధ కలగకూడదు. ఇంతకన్నా మంచి నియ్యత్ ఏముంటుంది? పైవారు వాళ్ళ చేయి పట్టుకోకపోతే మాత్రం అందరూ మునిగిపోతారు.

సూరా కహఫ్‌లో ఇంకో పడవ ఉంది. దానికీ కన్నం పడింది. హజ్రత్ ఖిజ్ర్ (అలై) ఆ పడవను పాడు చేస్తుంటే హజ్రత్ మూసా (అలై) తట్టుకోలేకపోయారు. అది పేదల పడవ. ముందు ఒక దుర్మార్గుడైన రాజు పడవలన్నిటినీ బలవంతంగా లాక్కుంటున్నాడు. లోపమున్న పడవైతే వదిలేస్తాడు. ఇక్కడ పడవకు నష్టం జరుగుతుందని ముందే తెలుసు. అయినా ఆ చిన్న నష్టం ఆ పేదల పడవనే కాపాడింది.

రెండు పడవల్లోనూ కన్నమే. రెండు చోట్లా ఉద్దేశం మంచిదే. తేడా ఎక్కడుందంటే, ఒక చోట నష్టం చిన్నది, దానితో నిలిచేది పెద్దది, ఆ మేలు దక్కేది కూడా నష్టపోయినవారికే. రెండో చోట లాభం కొందరి దాహం, నష్టం అందరి ప్రాణం. (హజ్రత్ ఖిజ్ర్‌కు అల్లాహ్ ప్రత్యేక జ్ఞానం ప్రసాదించాడు. మనకు ఆ జ్ఞానం లేదు. ఈ గాథను ఆధారం చేసుకొని ఇతరుల పడవలకు కన్నాలు పెట్టే హక్కు ఎవరికీ రాదు.)

డాక్టరు ఆపరేషన్ కూడా మొదటి పడవ లాంటిది కాదు, రెండో పడవ లాంటిది. షుగర్ ముదిరి కాలు కుళ్ళిపోయిన మనిషికి ప్రాణం నిలవాలంటే కాలు తీసేయక తప్పదని డాక్టర్లు చెబుతారు. కాలు పోతుందని అందరికీ తెలుసు, కానీ కోరుకున్నది ప్రాణం. సంతకం చేయడానికి భయపడి, "నా చేతులతో అబ్బా కాలు ఎలా తీయించను?" అని రోజులు గడిపిన ఒక కుమారుణ్ణి మేము చూశాం. ఇలాంటి చోట సంతకం చేసినవారిపై దోషం లేదు. అలాగని మంచి మనసు ఒక్కటే సరిపోదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి జవాబుదారీ అని అబూదావూద్‌లో హదీసు ఉంది. తెలియనివాడి నియ్యత్ ఎంత మంచిదైనా సరే.

మన బోరు విషయానికి వద్దాం. ఫిఖ్హ్ గ్రంథాల్లో బావి తవ్వినవాడి మస్అలా చాలా పాతది. స్వయంగా నష్టం చేసినవాడు కావాలని చేయకపోయినా పరిహారం ఇవ్వాలి. కారణం మాత్రమే అయినవాడు హద్దు మీరి ఉంటేనే ఇవ్వాలి అన్నది మన హనఫీ ఉలమా సూత్రం. 1869-1876 మధ్య ఉస్మానియా ఖిలాఫత్ వెలువరించిన మజల్లాలోనూ ఇది చోటుచేసుకుంది. అనుమతి లేకుండా జనం నడిచే దారిలో తవ్వినవాడు హద్దు మీరినట్టు. సొంత భూమిలో తవ్వినవాడు మీరనట్టు. బావి వల్ల జరిగిన నష్టానికి పరిహారం లేదన్న హదీసుకు కూడా పండితులు ఈ సందర్భంలోనే అర్థం చెప్పారు. ఈ లెక్కన ఆ సోదరుణ్ణి ఖాజీ మేకపిల్ల ధర కట్టమని బలవంతం చేయకపోవచ్చు. ఆయనకూ ఇదే చెప్పాం. ముఖం కాస్త తేటపడింది.

కానీ ఖాజీ తీర్పు వేరు, అల్లాహ్ ముందు లెక్క వేరు. మద్రసాలో ఖజాఅన్, దియానతన్ అని మాకు వేరువేరుగా చదివించింది ఇందుకే. హిజ్రీ 790లో మరణించిన ఇమామ్ షాతిబీ (రహ్) తన అల్ మువాఫఖాత్‌లో అచ్చంగా ఈ చర్చే చేశారు. ఆయన మాలికీ పండితుడు, అందులూస్ వాసి. తనకు అనుమతి ఉన్న పనే చేస్తూ ఇతరులకు నష్టం తెచ్చేవాణ్ణి గురించి రాస్తూ, చీకట్లో ఇంటి తలుపు వెనుక బావి తవ్వినవాణ్ణి ఉదాహరణగా చూపారు. లోపలికి వచ్చినవాడు పడి తీరతాడు. తవ్వినవాడు "నేను పడేయాలనుకోలేదు" అంటే ఇమామ్ ఒప్పుకోరు. అతను చూడవలసినంత చూడనైనా చూడలేదు, లేదా హాని చేయాలనైనా అనుకున్నాడు. రెండూ నిషిద్ధమే, మూడో దారి లేదు అంటారు. ఎప్పుడో ఒకసారి తప్ప నష్టం జరగని పనిని మాత్రం ఆయన ఆపమనలేదు. అలా ఆపితే లోకంలో ఏ పనీ జరగదు. ఒకటి తప్పక జరిగేది, ఇంకొకటి అరుదుగా జరిగేది. మధ్యలో ఉన్నవాటిలో, ద్రాక్షను సారాయి కాసేవాడికి అమ్మడం లాంటివి, ఎక్కువగా హానికే దారితీస్తాయి.

మేము ఆ సోదరుణ్ణి అడిగాం: ఆ బోరు ఎక్కడుంది? "బాట పక్కనే, నాలుగు అడుగుల దూరంలో." ఆ బాటన ఎవరు నడుస్తారు? "మేకలు మేపేవాళ్ళు. బడి పిల్లలు కూడా." బస్తా కప్పినప్పుడు మీకు ఏమనిపించింది? ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "రేపు వచ్చి పూడ్చాలి అనిపించింది" అన్నారు.

బస్తా కప్పిన చేతికి ప్రమాదం తెలుసు. లేకపోతే కప్పేదే కాదు. ఆయన నియ్యత్ నీళ్ళ కోసమే, అందులో అబద్ధం లేదు. ఆ నియ్యత్ తవ్వడానికి జవాబు చెబుతుంది. మూయకుండా వదిలేయడానికి జవాబు చెప్పదు. అది వేరే పని, దానికి వేరే లెక్క.

మేకపిల్ల ధర ఇచ్చేయమని చెప్పాం. ఆ పొరుగువారు ముస్లిం కారు. పొరుగువారి హక్కుకు అది అడ్డం కాదు. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్ళతో నింపాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. వాడే బోరుకైతే ఉక్కు మూత బిగించాలి. ప్రజల ప్రాణాలు కాపాడే ఇలాంటి ఆదేశాన్ని పాటించడం మనకు ధర్మరీత్యా కూడా బాధ్యతే. రెండు ట్రాక్టర్ల మట్టి పడుతుందేమో అన్నారాయన. పడనివ్వండి అన్నాం.

లేవబోతూ ఆయన మళ్ళీ కూర్చున్నారు. నీళ్ళు పడని రెండో బోరు ఉన్న ముక్కను నాలుగేళ్ళ క్రితం అమ్మేశారట. అక్కడా బస్తా, రాయే. కొన్నవారికి ఆ సంగతి చెప్పలేదు. అమ్మే వస్తువులో లోపం తెలిసీ కొనేవాడికి చెప్పకపోవడం ముస్లింకు తగదన్న హదీసు ఇబ్నె మాజాలో ఉందని చెప్పాం. అసర్ అజాన్ అవుతోంది. నమాజు కాగానే ఆయన ఫోన్ తీసి, ఆ కొన్నవారి నంబరు వెతుక్కుంటూ మస్జిద్ మెట్లు దిగారు.