దోమపురుగులను భక్షించు పంచాక్స్ మత్స్యము

1. గుర్తులు. 1822 సంవత్సరమున హామిల్టన్ దొర ప్రకటించిన గంగానదీ మత్స్యముల గ్రంథమునందు ఈ చిన్నచేప ప్రథమమున వర్ణింపబడినది. శాస్త్రనామము ఆప్లోకీలస్ పంచాక్స్. తీరప్రాంతపు నదీముఖములు, కాలువలు, చెరువులు, వరిమళ్లు దీని నివాసములు. మంచినీటనే గాక కొంచెము ఉప్పుకలసిన నీటను సైతము ఇది జీవించును. పొడవు సాధారణముగా మూడంగుళములకు మించదు. తలమీద వెండివలె మెరయు చుక్క యొకటి యుండుటచేత, నీటిలో నున్నప్పుడే గుర్తింప వీలగును. వంగదేశీయులు దీనిని తేచోఖా, అనగా మూడుకన్నులది, అని వ్యవహరింతురు.

2. ఉపయోగము. మలేరియా క్రిమి దోమ యుదరమున నుండుటను రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదునందు కనుగొనెను. ఆ వ్యాధిని వ్యాపింపజేయు అనాఫిలిస్ దోమల పురుగులు ఊపిరి పీల్చుటకై నీటి పైపొర నంటియుండును. పంచాక్స్ చేప నోరు పైకి తిరిగియుండుటచే, ఆ పైపొరనుండియే ఆహారమును గ్రహించును.

3. జాగ్రత్తలు. నాచు, గడ్డి దట్టముగా నున్నచోట పురుగులు దాగుకొనును. కావున ముందు గట్లు శుభ్రపరుపవలెను. నూనెగాని పురుగుమందుగాని చల్లిన నీట చేపలను విడువరాదు. డెంగూ దోమ పెరుగు కుండలు, డబ్బాలు, పాతటైర్లు మొదలగువానికి చేపలు పనికిరావు. వానిని వారమున కొకసారి బోర్లించి ఆరబెట్టుటయే ఉపాయము.

4. గాంబూసియా. 1928 ప్రాంతమున భారతదేశమునకు దెప్పింపబడిన ఈ అమెరికా చేప, ఇతర మత్స్యముల గ్రుడ్లను, పిల్లలను సైతము తినివేయును. నదులయందును, వానితో కలియు చెరువులయందును దానిని విడుచుట హానికరము. స్థానికమైన పంచాక్స్ లభించుచోట దానినే ఎన్నుకొనుట యుక్తము.

5. ఫలపరీక్ష. 2017లో ప్రకటితమైన కాక్రేన్ సమీక్ష ననుసరించి, చేపలవలన దోమపురుగులు తగ్గవచ్చును గాని, మలేరియా రోగులు తగ్గుదురని నిశ్చయించుటకు తగిన నిదర్శనములు లేవు. కావున విడిచిన చేపల సంఖ్యను వ్రాసికొని తృప్తిపడరాదు. ప్రతివారము గరిటెతో నీరు ముంచి పురుగులను లెక్కించి, ఆ లెక్కను, జ్వరపీడితుల లెక్కను వేర్వేరుగా రిజిస్టరున నమోదు చేయవలెను. పురుగులు తగ్గియు జ్వరములు తగ్గనియెడల, దోమలు వేరొకచోట పుట్టుచున్నవని యనుమానించి ఆ నీటిని వెదకవలెను. రోగులకు రక్తపరీక్షయు చికిత్సయు ఎట్టి పరిస్థితియందును ఆలస్యము కారాదు.