ప్రాణం నిలిపే మందుకు ధర ఎవరు కడతారు?

ఖమ్మం జిల్లా కుసుమంచి చుట్టుపక్కల పాలేరు నీటితో వరి పండుతుంది. పత్తి, మిరప చేలూ ఉన్నాయి. మిరప చేనుకు పురుగుమందు కొట్టే మనిషిని మీరు చూసే ఉంటారు. అతను ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా, గాలికి ఎదురుగా నిలబడి కొట్టాడనుకోండి. కాసేపటికి చెమటలు పోస్తాయి. నోట చొంగ కారుతుంది. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. అక్కడ అతని ప్రాణం నిలిపే ముఖ్యమైన మందు అట్రోపిన్ ఇంజక్షన్.

అట్రోపిన్ ఏం చేస్తుంది?

మన నాడుల చివర ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం ఊరుతుంది. గ్రంథులకు, కండరాలకు 'పనిచెయ్యి' అని కబురు చేర్చేది అదే. కబురు చేరగానే ఒక ఎంజైము దాన్ని విరగ్గొడుతుంది. ఆర్గానోఫాస్ఫరస్ జాతి పురుగుమందులు ఆ ఎంజైమును పనిచెయ్యనివ్వవు. దాంతో కబురు ఆగదు. బడిగంట కొట్టినవాడు ఆపకుండా కొడుతూనే ఉన్నట్టన్నమాట! అట్రోపిన్ వెళ్ళి, గ్రంథుల్లోనూ గుండెలోనూ ఆ కబురు అందుకునే చోట్లను మూసేస్తుంది. ఒక్కో రోగికి పదుల కొద్దీ ఇంజక్షన్లు పట్టవచ్చు.

ఈ పదార్థం ఉమ్మెత్తలో కూడా ఉంది. అలాగని ఉమ్మెత్త రసం తాగించకూడదు. అందులో మందు ఎంత ఉందో తెలియదు, అదే విషమవుతుంది.

పాత మందుకు కొత్త ధర

అట్రోపిన్‌ను మొక్కల నుంచి వేరు చేసింది 1830లలో. దానికి ఇప్పుడు పేటెంటు లేదు. అయినా 2024 అక్టోబరులో దీని గరిష్ఠ ధరను ప్రభుత్వం 50 శాతం పెంచింది. బెంజైల్ పెనిసిలిన్, క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఎందుకు పెంచారు?

మన కంపెనీలు చాలా ముడి మందులను చైనా నుంచి తెచ్చుకుంటాయి. ముడి మందు ఖరీదు, డాలరు విలువ పెరిగితే తయారీ ఖర్చు పెరుగుతుంది. అమ్మే ధరకు మాత్రం హద్దు ఉంటుంది. ఆ ధరకు గిట్టుబాటు కాదని కొన్ని కంపెనీలు తయారీ మానేస్తామన్నాయి. ధర మరీ తక్కువైతే మందు దొరకదు, ఎక్కువైతే పేదవాడికి అందదు. చిక్కు అక్కడుంది.

లెక్క వేసి చూద్దాం

అత్యవసర మందుల జాతీయ జాబితాలో 2022 నాటికి 384 మందులు ఉన్నాయి. వీటి గరిష్ఠ ధరను 2013 నాటి ఉత్తర్వు ప్రకారం జాతీయ ఔషధ ధరల సంస్థ నిర్ణయిస్తుంది. ఏటా టోకు ధరల సూచీ ఎంత పెరిగితే అంత పెంచుకోవచ్చు. అది 2022లో సుమారు 10.77 శాతం, 2023లో సుమారు 12.12 శాతం. అంటే 100 రూపాయల మందు రెండేళ్ళలో 124 రూపాయలకు చేరవచ్చు. జాబితాలో లేని మందులను ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు. అలా పెంచుతూ పోతే ఎనిమిదేళ్ళలో ధర రెట్టింపు దాటుతుంది!

పేటెంటు సంగతి

1970 నాటి పేటెంటు చట్టం మందుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికే హక్కు ఇచ్చింది. కాబట్టి వేరే పద్ధతిలో అదే మందును తయారుచెయ్యవచ్చు. ఆ వెసులుబాటుతో మన మందుల పరిశ్రమ పెరిగింది. హైదరాబాదు బాలానగర్‌లోని ఐ.డి.పి.ఎల్. చాలామంది నిపుణులను తయారుచేసింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల 2005 నుంచి మందుకే పేటెంటు ఇస్తున్నారు. అప్పుడేమైంది? కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌ను బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్మింది. 2012 మార్చిలో పేటెంటు అధికారి హైదరాబాదుకు చెందిన నాట్కోకు నిర్బంధ లైసెన్సు ఇచ్చారు. షరతు ఏమిటంటే, నెల మందు 8,880 రూపాయలకు మించకూడదు. బేయర్‌కు రాయల్టీ చెల్లించాలి. ధర దాదాపు ముప్పయ్యో వంతుకు దిగింది! కొత్త మందు కనిపెట్టడానికి ఖర్చవుతుందన్నది నిజమే. ఆ ఖర్చు రాబట్టే హక్కుకు, రోగి ప్రాణానికి మధ్య హద్దు ఎక్కడ గీయాలో చెప్పేది చట్టం.

మీరు చేసి చూడండి

ఇంట్లో ఉన్న మాత్రల అట్టలు తీసుకోండి. కంపెనీ పెట్టిన పేరు కాకుండా, అసలు మందు పేరు, మోతాదు, ధర రాసుకోండి. అదే మందు జన ఔషధి దుకాణంలో ఎంతో అడిగి, తేడా శాతం కట్టండి. అయితే డాక్టరును అడగకుండా మందు మార్చకండి.

ఇక పురుగుమందు కొట్టేటప్పుడు ముక్కుకు, చేతులకు రక్షణ ఉండాలని ఇంట్లో చెప్పండి. అట్రోపిన్ అవసరమే రాకపోతే దాని ధరతో పనేముంది?