గాస్కెట్ ఆఖర్న కొను

హ్యూస్టన్‌లో ఉన్న తమ్ముడికి,

నీ 1987 సుప్రా టర్బో ఇంజిన్ విప్పి పెట్టిన ఫొటోలు చూశాను. ఏ హెడ్ గాస్కెట్ కొనమంటావని అడిగావు. దానికి ఇప్పుడే జవాబు చెప్పలేను. ముందు బ్లాకూ హెడ్డూ మెషిన్ షాపుకు పోవాలి, కొలతలు రావాలి. గాస్కెట్ ఊసు ఆ తర్వాతే.

నీ సుప్రాలో ఉన్న 7ఎం-జీటీఈ అనగానే హెడ్ గాస్కెట్ కొట్టేసే ఇంజిన్ అంటారు. ఆ మాట నిజమే, కానీ నింద మొత్తం గాస్కెట్ మీద వేయకు. మాన్యువల్‌లో హెడ్ బోల్టులకు ఇచ్చిన టార్క్ 58 అడుగు పౌండ్లు. ఈ ఇంజిన్లతో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు అవే బోల్టుల్ని 72 దాకా బిగిస్తూ వచ్చారు. ఎందుకో లెక్క వేసి చూడు. బోరు 83 మిల్లీమీటర్లు, అంటే పిస్టన్ పైన వైశాల్యం 54 చదరపు సెంటీమీటర్లు. బూస్ట్ పెంచాక మంట పీడనం 100 బార్‌కు చేరిందనుకో, ఒక్కో సిలిండరు హెడ్డును అయిదున్నర టన్నుల బలంతో పైకి తోస్తుంది. ఆ తోపును అణిచి ఉంచేది బోల్టుల బిగువే. అది చాలకపోతే ఎంత ఖరీదైన గాస్కెట్ అయినా నిలవదు.

అందుకని బోల్టులకు బదులు స్టడ్లు వేసుకో. వాటితో వచ్చిన గ్రీజే రాయి, వాటిని తయారుచేసినవాళ్లు చెప్పిన టార్కే పెట్టు. రెంచి మీద నువ్వు పెట్టే బలంలో సుమారు పదో వంతే స్టడ్డును సాగదీస్తుంది, మిగతాదంతా మరల్లోనూ వాషర్ కిందా రాపిడికే పోతుంది. గ్రీజు బదులు ఇంజిన్ ఆయిల్ రాశావా, రెంచి అదే అంకె దగ్గర క్లిక్‌మంటుంది, బిగువు మాత్రం తగ్గుతుంది. అడుగు మూసుకుపోయిన బోల్టు రంధ్రాల్లో ఆయిల్ గానీ నీళ్లు గానీ మిగలనీయకు. ద్రవం నలగదు కాబట్టి రెంచి అబద్ధం చెబుతుంది, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది.

ఇక హెడ్డు. దాన్ని శుభ్రం చేసి స్ట్రెయిట్ ఎడ్జ్‌ను పొడవునా, అడ్డంగా, ఐమూలగా రెండు వైపులా నిలబెట్టు. వెనక లైటు పెట్టి చూడు. 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ ఆకు ఎక్కడ దూరినా ఫేసింగ్ చేయించాల్సిందే, అంటే ముఖాన్ని చదునుగా కోయించాలి. ఇంజిన్ వేడెక్కి హెడ్డు వంగితే కింది ముఖం ఒక్కటే వంగదు, పైన క్యామ్‌షాఫ్టులు కూర్చునే జాగాలు కూడా వరస తప్పుతాయి. కింద ఎంత నున్నగా కోసినా పైన వంకర అలాగే ఉంటుంది. వాల్వు బకెట్లు తీసేసి, క్యామ్‌లు పెట్టి, క్యాపులు బిగించి చేత్తో తిప్పు. ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. పట్టేస్తే ముందు హెడ్డు వంకర తీయించి, ఆ తర్వాతే ఫేసింగ్.

మందం సంగతి తర్వాత, గాస్కెట్లలో నీకు సరిపడేది ఎంఎల్‌ఎస్ రకం, అంటే పొరలు పొరలుగా ఉండే స్ప్రింగ్ స్టీల్ గాస్కెట్. బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ ఆ రెండింటి నడుమ గాస్కెట్ రుద్దుకుపోతుంది. ఆ రాపిడిని స్టీలు పొరలు ఓర్చుకుంటాయి, పాత ఫైబర్ రకం నలిగిపోతుంది. అయితే ఫైబర్‌కు ఒక సుగుణం ఉంది: మెత్తనిది కనుక కాస్త గరుకు ముఖాన్ని కూడా సర్దుకుంటుంది. ఎంఎల్‌ఎస్ అలా సర్దుకోదు. దాని మీది రబ్బరు పూత చాలా పలుచన. అందుకే ముఖం గరుకుదనం ఆర్‌ఏ 50 మైక్రో అంగుళాలు దాటకూడదు, 30 దగ్గర ఉంటే నాకు నిశ్చింత. బ్లాకును బండిలోనే ఉంచి, పైన గీకి తుడిచి ఎంఎల్‌ఎస్ వేద్దామంటే నేను ఒప్పుకోను. రాగి గాస్కెట్ జోలికి పోకు. బోరు చుట్టూ గాడి కోసి తీగ రింగు కూర్చోబెట్టాలి, నీళ్ల దారులకు సీలెంట్ రాయాలి. అది రేసు బండికి, రోజూ తిరిగే బండికి కాదు.

కంప్రెషన్ తగ్గించుకోవడానికి మందం గాస్కెట్ వేద్దామని కూడా రాశావు. బోరుకు 84 మిల్లీమీటర్ల రంధ్రమున్న గాస్కెట్ అర మిల్లీమీటరు మందం పెరిగితే ఒక్కో సిలిండరులో 2.8 సీసీల చోటు పెరుగుతుంది. 8.4 ఉన్న నిష్పత్తి 8.1కి దిగుతుంది, అంతే. ఆ కొంచెం కోసం పిస్టన్ అంచుకూ హెడ్డుకూ మధ్య ఉండాల్సిన ఇరుకు పోతుంది, గాలీ పెట్రోలూ సరిగా కలవక నాకింగ్‌కు దారి ఏర్పడుతుంది. నాకింగ్ మొదలైతే ఎంత బాగా కట్టిన ఇంజిన్ అయినా గాస్కెట్ పోగొట్టుకుంటుంది. కంప్రెషన్ తగ్గాలంటే పిస్టన్లు మార్చు. ఫేసింగ్‌లో ఎంత లోహం పోయిందో అంత పూడ్చే మందమే గాస్కెట్‌లో చూడు.

మన విజయవాడ ఆటోనగర్‌లో పెద్దవాళ్లు పాత ఫైబర్ గాస్కెట్లకు షెల్లాక్ పూసేవారు, ఆ గాస్కెట్లకు అది సరైన పనే. పూత ఉన్న ఎంఎల్‌ఎస్‌కు మాత్రం ఏదీ రాయకు. ఎసిటోన్‌తో రెండు ముఖాలూ తుడిచి, గుడ్డకు మరక అంటనంతవరకూ తుడిచి, పొడిగా వేయి. డ్రిల్లుకు గరుకు ప్యాడ్ తగిలించి బ్లాకు రుద్దకు. ముఖంలో పల్లాలు పడతాయి, రాలిన పొడి బేరింగుల్లోకి పోతుంది.

మెషిన్ షాపువాళ్లను మూడు రీడింగులు అడిగి రాయించుకో: హెడ్డులో ఎంత కోశారు, బ్లాకులో ఎంత కోశారు, రెండు ముఖాల ఆర్‌ఏ ఎంత. అవి పంపు, మందం నేను చెబుతాను. అంతవరకు ఏ గాస్కెట్టూ ఆర్డరు పెట్టకు.

నీ అన్నయ్య