కొబ్బరి మాను మీది రాతలు



కొబ్బరి మాను మీద సున్నం చిలికినట్టు కనిపించే తెల్లని, బూడిదరంగు మచ్చలు లైకెన్లు. అమలాపురం, రాజోలు, కొత్తపేట తోటల్లో ఇవి కళ్లెదుటే ఉన్నా, తెగులనుకునేవారే ఎక్కువ. మానులోంచి ఎర్రగోధుమ రసం కారితే అది తెగులు. లైకెన్ చెట్టును తినదు, చోటు మాత్రమే వాడుకుంటుంది. నిజానికి ఇది ఒక్క జీవి కాదు: శిలీంధ్రం ఇల్లు కడితే, అందులో చేరిన నాచు ఎండతో వంట చేస్తుంది. 1867లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ ఉమ్మడి కాపురం సంగతి చెబితే, ఆనాటి లైకెన్ పండితులు వెక్కిరించారు. బిర్యానీలో పడే రాతిపువ్వు కూడా లైకెనే.

వీటిని ఫొటో తీయాలనుకుంటే, కెమెరాకు మొదట చిక్కవలసింది గ్రాఫిస్ ప్రజాతి. తెల్లటి పొర మీద నల్లటి వంకర గీతలు, తెలియని లిపిలో ఎవరో ఉత్తరం రాసినట్టుంటాయి. బీజాంశాలు తయారయ్యే చీలికలే ఆ గీతలు. ఇక కొబ్బరి పేరునే పెట్టుకున్న పిక్సినే కోకోస్, బూడిదరంగు రేకులతో మానుకు అతుక్కుని ఉంటుంది. చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే పసుప్పచ్చగా వెలుగుతుంది.

అసలు తంటా ఫోకస్‌తోనే. మాక్రో లెన్సు దగ్గరకు తెస్తే స్పష్టంగా పడేది మిల్లీమీటరో రెండో, మానేమో గుండ్రం. అందుకే కెమెరా మానుకు ఎదురుగా, సమాంతరంగా ఉండాలి. స్టాండు వేసి, అపర్చర్ ఎఫ్ 8 - ఎఫ్ 11 మధ్య ఉంచి, ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ పది ఫొటోలు తీసి కంప్యూటర్లో కలుపుకోవచ్చు. ఫోనుకు తగిలించే చిన్న లెన్సుతోనూ మొదలుపెట్టవచ్చు. ఉదయపు ఏటవాలు వెలుగులో గీతలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. మట్టల నీడలు కదిలి చికాకు పెడితే తెల్ల పంచె అడ్డం పట్టాలి. తోటలోని పచ్చటి వెలుగు తెల్ల పొరకు అంటుతుంది కనుక, ముందు తెల్ల కాగితం మీద రంగు సరిచూసుకోవాలి.

పొడిగా ఉండగా ఒక ఫొటో, నీళ్లు చిలకరించాక మరొకటి తీయాలి. తడికి పైపొర పారదర్శకమై లోపలి నాచు బయటపడుతుంది. బూడిదరంగు మచ్చ నిమిషంలో పచ్చబడుతుంది. వానాకాలంలో ఆ చెంబెడు నీళ్లూ అక్కర్లేదు.

నమూనా కోసమని గోకవద్దు. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరిగే పొర అది.