పిల్లల స్నేహాలు మారుతున్నప్పుడు



ఈసారి పాఠానికి ఒక పిల్లల కథను తీసుకున్నాం. ఇంగ్లండు రచయిత ఎ.ఎ. మిల్న్ 1928లో రాసిన 'ది హౌస్ ఎట్ పూ కార్నర్' పుస్తకంలోని చివరి కథ ఇది. క్రిస్టఫర్ రాబిన్ అనే బాబుకు పూ అనే ఎలుగుబంటి బొమ్మ ప్రాణస్నేహితుడు. బాబు పెద్దవాడవుతున్నాడు. ఇక వెళ్లిపోతాడని అడవిలోని నేస్తాలందరూ గ్రహిస్తారు. ఈయోర్ అనే గాడిద వీడ్కోలు పద్యం రాస్తుంది. అందరూ సంతకాలు పెట్టి బాబుకు ఇస్తారు. చివరికి పూ ఒక్కడే మిగులుతాడు. ఇకమీదట మునుపటిలా ఊరికే తిరగడం కుదరదని బాబు చెబుతాడు, తనను మరచిపోవద్దని అడుగుతాడు. పూకి అంతా అర్థం కాదు. అయినా శ్రద్ధగా విని మాట ఇస్తాడు.

మన ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. అయిదో తరగతికి గురుకులంలో చేరే పిల్లలున్నారు, పది కాగానే ఇంటర్‌కు హాస్టల్‌కు వెళ్లేవారున్నారు. అప్పుడు మనం ఏం చేయాలి?

1. వీడ్కోలు చెప్పుకోనివ్వండి. బయలుదేరే ముందు స్నేహితులను కలవనివ్వండి. ఏడుపు వస్తే ఏడవనివ్వండి. "ఇంత చిన్నదానికా?" అనకండి.

2. అర్థం కాకపోయినా వినండి. నిన్నటిదాకా విడవని నేస్తం ఇవాళ వేరే జట్టులో చేరవచ్చు. ఈ వయసులో అది మామూలే. "నువ్వేం చేశావు?" అని నిలదీయకండి.

3. చిన్న చిన్న బాధ్యతలు అప్పగించండి. తన పెట్టె తానే సర్దుకోవడం, ఖర్చు రాసుకోవడం ఇంట్లోనే అలవాటైతే బయట ధైర్యంగా ఉంటారు. పాత నేస్తానికి ఫోను చేయమని గుర్తుచేయండి, బలవంతపెట్టకండి.

స్నేహం మారడం వేరు, వేధింపు వేరు. ఒంటిమీద దెబ్బలు, మాయమవుతున్న డబ్బు, స్కూలంటే భయం కనిపిస్తే వెంటనే టీచరుతో మాట్లాడండి.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, తిండి, నిద్ర సరిగా లేకపోతే, ఎవరితోనూ కలవకపోతే డాక్టరుకు చూపించండి. బతకాలని లేదనే మాట వస్తే బిడ్డను ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు.

బిడ్డ చెప్పేదానికి ప్రతిసారీ మన దగ్గర జవాబు ఉండనక్కరలేదు. పూ దగ్గరా లేదు. పక్కన కూర్చుని విన్నాడు, అంతే.