చిత్రకథలలో వీరనారులు

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పులకు పేరుగాంచిన పట్టణము. అచ్చటి శిల్పశాలలలో ఉలిచప్పుడు నిరంతరము వినవచ్చుచుండును. ఆళ్లగడ్డ రాతిశిల్పమునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఆ శిల్పులు చెక్కు దేవతామూర్తులలో మహిషాసురమర్దని యొకటి. ఆ మూర్తిని శ్రద్ధతో పరికించినచో ఒక విశేషము తెలియగలదు. దేవి చేతులయందు ఆయుధములున్నవి. పాదము మహిషముపై నిలిచినది. త్రిశూలము రాక్షసుని వైపు దిగుచున్నది. ముఖము మాత్రము ప్రశాంతముగా నున్నది. ఆమె సౌందర్యవతియే. కాని యా సౌందర్యము ఆమె చేయుచున్న కార్యమునకు అడ్డురాదు. చూచినవాడు మొదట తలచునది ఆమె శక్తినే.

ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిల క్షేత్రమున మఱియొక వీరవనిత కథ ప్రసిద్ధమై యున్నది. ఆమెయే చెంచులక్ష్మి. నల్లమల యడవులలో వేటాడి జీవించు చెంచుల యాడపడుచు. విల్లమ్ములు ధరించి సంచరించు నామెను నరసింహస్వామి వరించెనని జనులు చెప్పుకొందురు. చెంచులు స్వామిని తమ యింటి యల్లునిగా భావింతురు. ఏటేట సంక్రాంతి పండుగ తరువాత స్వామి పారువేటకై బయలుదేరి, సుమారు నలువది దినములు పల్లెపల్లెకు పోయి, బ్రహ్మోత్సవమునకు ప్రజలను పిలిచి వచ్చును. ఈ కథను బట్టి 1943లోను, 1958లోను ఆమె పేరనే చలనచిత్రములు వెలువడినవి. అడవిలో పుట్టిన పిల్ల యొకతె విల్లు చేతబట్టి కథానాయిక యగుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు.

ఇక నేటి బాలబాలికలు ఎక్కువ మక్కువతో చదువు చిత్రకథల సంగతి చూతము. అమెరికాలో 1941వ సంవత్సరమున విలియం మౌల్టన్ మార్‌స్టన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ‘వండర్ వుమన్’ అను నాయికను సృష్టించెను. బలము, ధైర్యము పురుషుల సొత్తే యన్నట్లు కథలుండగా, బాలికలకును ఆదర్శమైన నాయిక కావలెనని యాతని తలంపు. ఆమె విమానమునెక్కి విహరింపగలదు. తుపాకి గుండ్లను చేతి కడియములతో త్రిప్పికొట్టగలదు. అయినను 1942లో వీరుల సంఘమున ఆమె చేరినప్పుడు కథారచయితలు ఆమెకిచ్చిన పదవి యేది? కార్యదర్శి పదవి! మగవీరులు యుద్ధమునకు పోవుచుండగా తఱచుగా ఆమె వెనుక నిలిచి లెక్కలు వ్రాయవలసి వచ్చెను. 1968లో ఆమె శక్తులనే తొలగించి, దుస్తుల దుకాణము నడుపు స్త్రీగా మార్చిరి. పాఠకులలోను, స్త్రీల హక్కులకై పాటుపడువారిలోను అసంతృప్తి కలిగెను. 1973లో ఆమె శక్తులు తిరిగి లభించెను.

ఇంతకంటె దుఃఖకరమైనది మఱియొక పద్ధతి. 1988లో వెలువడిన యొక కథలో బార్బరా గోర్డన్, అనగా ‘బాట్‌గర్ల్’, దుష్టుని తుపాకి గుండుచే గాయపడి నడకను కోల్పోయెను. ఆ దుష్టుని యుద్దేశము ఆమె తండ్రిని బాధించుటయే. ఆమె వేదన ఆమె కథగాక, మఱొకరి కథకు సాధనమయ్యెను. 1994లో మఱియొక కథలో వీరుని ప్రియురాలిని చంపి రిఫ్రిజిరేటరులో నుంచినట్లు చూపిరి. ఇట్టివి పెక్కు గలవని గమనించి గెయిల్ సిమోన్ అను వనిత 1999లో వాని జాబితాను ప్రకటించెను. చిత్రకథల యభిమానిగానుండిన యామె పిదప ప్రసిద్ధ రచయిత్రియై వండర్ వుమన్ కథలను కూడ వ్రాసెను. ఇక బార్బరా పాత్రను 1989 నుండి ఇతర రచయితలు ‘ఒరకిల్’ అను పేర నిలిపిరి. చక్రముల కుర్చీలో కూర్చుండియే సమాచారబలముతో వీరులందఱకు దారిచూపు మేధావినిగా ఆమె గౌరవమందెను. కలము మంచిచేతిలో నున్నచో చెడిన కథయు బాగుపడునని దీనివలన తెలియుచున్నది.

బొమ్మల విషయము కూడ విచారింపదగినది. యుద్ధమునకు పోవు వీరునికి తల నుండి పాదముల వఱకు కవచమును తొడిగి, వీరనారికి మాత్రము చాలీచాలని దుస్తులను గీయుట యేమి న్యాయము? 2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి వండర్ వుమన్‌ను స్త్రీల, బాలికల అభ్యున్నతికి గౌరవ రాయబారిగా ప్రకటించినప్పుడు, ఆ సంస్థ యుద్యోగులే కొందఱు నిరసన తెలిపిరి. ఆమె రూపము బాలికలకు ఆదర్శము కాజాలదని వ్రాసిన వినతిపై వేలకొలది జనులు సంతకములు చేసిరి. రెండు నెలలైనను నిండకముందే యా పదవి ముగిసెను.

“మగవీరుల దేహములను కూడ అతిశయించియే గీయుదురు గదా!” అని కొందఱందురు. నిజమే. కాని వీరుని కండలను పెంచి గీయుట అతని బలమును చూపుటకు. వీరనారి యంగములను పెంచి గీయుట చూపరుల వినోదమునకు. మొదటిది పాత్రకు గౌరవము, రెండవది అగౌరవము.

మన దేశమున 2014లో ‘ప్రియాస్ శక్తి’ అను చిత్రకథ వెలువడినది. 2012లో ఢిల్లీలో జరిగిన ఘోరకృత్యము దాని రచనకు ప్రేరణము. అత్యాచారమునకు గురియైన ప్రియ అను పల్లెపడుచు పార్వతీదేవి యనుగ్రహమున ధైర్యము వహించి, పులినెక్కి వచ్చి, సిగ్గుపడవలసినది నేరస్థులేగాని బాధితులు కారని లోకమునకు చాటును. ఆమె బాధ ఇతరుల కథకు మెట్టు కాలేదు. ఆమె కథకు ఆమెయే నాయిక.

విద్యార్థులారా! మీరు చిత్రకథను చదువునపుడు ఈ మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ బొమ్మలో ఈమె ఏమి చేయుచున్నది? ఆమె కష్టము ఎవరి కథకై వచ్చినది? ఒక పురుషుని ఇట్లే గీసినచో మనము నవ్వుదుమా? బాలిక బొమ్మలో తన శక్తిని చూచుకొనవలెను. బాలుడు అదే బొమ్మలో తోడి మనిషిని గౌరవించుట నేర్చుకొనవలెను. ఉలి పట్టినను, కుంచె పట్టినను, కలము పట్టినను ఈ బాధ్యత కళాకారునిది. దానిని తరచి చూచు బాధ్యత పాఠకునిది.

ప్రశ్నలు

1. మహిషాసురమర్దని మూర్తిని రచయిత ఎందులకు ప్రస్తావించెను?
2. బార్బరా గోర్డన్ కథ మొదట ఎట్లు చెడినది? పిదప ఎట్లు బాగుపడినది?
3. మీకు తెలిసిన యొక వీరవనిత బొమ్మను గూర్చి పది వాక్యములు వ్రాయుడు.